కొండెక్కి మాట్లాడిన ఇంటర్న్

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. విశాఖపట్నంలోని మా చిన్న వీడియో స్టూడియోకి మన్యంలో హుకుంపేట అవతలి గిరిజన ఊరి నుంచి రెండు నెలలు ఫోన్లోనే ఇంటర్న్‌షిప్ చేసిన డిగ్రీ విద్యార్థిని. ఊళ్లో సిగ్నల్ అందక కాఫీ తోట దాటి కొండెక్కేది. ప్రతి మాటకూ ముందు "వినబడతందా అక్కా?" అని అడిగేది. నేను విసుక్కున్నా ఆ అలవాటు మానలేదు.

సొంత ఊరి మీద ఒక వీడియో చెయ్యమన్నాను. వాళ్ల నానమ్మ రాగులు విసురుతూ తమ భాషలో ఏవో కబుర్లు చెబుతుంటే తీసి పంపింది. ఆ మాటలు ఎవరికీ అర్థం కావని నానమ్మ గొంతు తీసేసి, ఒక యాంకర్ చేత తెలుగులో చెప్పించాను.

అది చూశాక ఆమె కొండెక్కి ఫోన్ చేసింది.

"బాగుంది గానీ అక్కా, అది మా నానమ్మ గొంతు కాదు గదా."

"చూసేవాళ్లకి అర్థం కావాలి కదమ్మా," అన్నాను.

ఇంటర్న్‌షిప్ అయిపోయాక, వానాకాలంలో ఒక మధ్యాహ్నం మళ్లీ ఫోన్ చేసింది.

"నానమ్మ సచ్చిపోనాదక్కా. వానకి తడిసి నా పాత ఫోనూ పోనాది. నేను ముందు పంపిన వీడియో మీ కాడ ఉంటాది గదా?"

లేదు. పని అయిపోగానే అసలు ఫైళ్లన్నీ నేనే చెరిపేశాను. ఆ మాట చెప్పలేక, వెతుకుతానన్నాను. మూడు రోజులు తప్పించుకు తిరిగి చివరికి నిజం చెప్పాను.

"పోన్లే అక్కా. మీ కాడున్న ఆ యాంకరు వీడియోనే పంపండి. సౌండు తీసేసి సూత్తాం."