అవ్వ ముందుగా తిన్న రోజు

"డెబ్బయ్యేళ్ళ మనసు ఇక మారదు, మందులిచ్చి పంపించెయ్" అని మా వృత్తిలోనే కొందరు సలహా ఇస్తారు. ఎవరు చెప్పినా ఆ మాట నేను ఒప్పుకోను. ఆధారం చూపమంటాను. వాళ్ళు చూపరు. నా దగ్గర మాత్రం ఒకటి ఉంది.

కరీంనగర్‌లో నేను మనోవిశ్లేషణ చేసే గదికి చొప్పదండి నుంచి ఒక అవ్వ వచ్చేది. భర్త పోయాక ఆమెకు ముద్ద దిగడం ఆగిపోయింది. పరీక్షల్లో ఏ జబ్బూ తేలలేదు. మొగుడే దయ్యమై పట్టుకున్నాడని ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టించారు. మనిషి చిక్కిపోతూనే ఉంది.

అలాంటి మనిషి వచ్చినప్పుడల్లా నాకు బియ్యప్పిండితో సర్వప్ప కాల్చి డబ్బాలో తెచ్చేది.

"తిను కొడుకా, బక్కగైనవ్. నీ పెండ్లాం పెడ్తలేదా?"

తినేవాణ్ణి. మా అమ్మ పోయాక ఎదురుగా కూర్చుని అలా తినిపించినవాళ్ళు లేరు. రోగి పెద్దవయసు మనిషైతే వైద్యుడు తెలియకుండానే కొడుకైపోతాడు. చాలామంది ఆ మమకారాన్ని దాచుకుంటారు. నేను దాన్నే నిలదీశాను: నేను తింటున్నంతసేపూ ఆమె ఏం చేస్తోంది? మగవాడి తిండి ముగిసేదాకా చూస్తూ కూర్చుంటోంది.

మరుసటి వారం డబ్బా ముట్టలేదు.

"అవ్వా, ఇయ్యాల నేను ముందుగాల తినను."

"గిదేంది? నేను జేసింది చేదైందా?" మొహం తిప్పుకుంది. "గింత పొగరు పనికిరాదు కొడుకా."

వెంటనే మూత తీసి ఆమెను మెప్పించాలనిపించింది. చేతులు కట్టుకున్నాను.

"ఆయన తినేటప్పుడు గూడ గిట్లనే సూస్తుంటివా?"

మొహం ఇటు తిప్పింది. "ఆయన తిన్నంకనే, ఆయన పళ్లెంలనే తిన్న. పెండ్లయిన కాంచి గదే. దినాలైనంక ఒక్కదాన్నే కూసుని ఉడుకుడుకు బువ్వ తిన్న. మస్తు రుచిగుండె. మొగుడు వోతే బువ్వ రుచైతదా కొడుకా? గింత పాపిష్టిదాన్నా నేను? గప్పటిసంది ముద్ద దిగుతలే."

"ఉడుకు బువ్వ ఎవలకైన రుచిగనే ఉంటది అవ్వా. గందుల పాపమేంది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. తర్వాత డబ్బా దగ్గరికి లాక్కుని ఒక ముక్క తుంచి ఆగింది.

"మరి నువ్వు?"

"నువ్వు తిన్నంకనే."

నమిలింది. కనుబొమలు ముడిచింది.

"ఉప్పు తక్కువైంది గదరా! గిన్ని వారాలు తిన్నవ్, ఒక్కనాడన్న జెప్పలేవేంది?"

కొడుకునయ్యాను కదా, ఎలా చెబుతాను?

ఆమె ఇంకో ముక్క తుంచింది. నాకు ఆకలి దంచేస్తోంది. అయినా ఆమె చేయి కడుక్కునేదాకా గర్వంగా కూర్చున్నాను.