తూర్పు శూల, ఢిల్లీ విమానం

ఢిల్లీలో ఉపాధ్యాయినుల శిక్షణకు నన్ను ఎంపిక చేశారన్న ఉత్తరం, నేను అంతకుముందు పనిచేసిన కార్వేటినగరం బడికి పోయి, అక్కడ నాలుగు రోజులు కూర్చుని, ఒక శుక్రవారం పొద్దున చిత్తూరులో మా ఇంటికి చేరింది. సోమవారం ఉదయం పదికి హాజరు కాకపోతే నా చోటు మరొకరికి ఇస్తామని అందులో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి మూడేళ్లయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి రైలులో రెండు రాత్రులు, రెండు పగళ్లు. విమానమైతే ఆదివారం పొద్దున ఎక్కి చీకటి పడేలోపు దిగొచ్చు. అమ్మ టిక్కెట్టు డబ్బుకని చేతి గాజులు తీసి ఇచ్చింది. సీటు కోసం మద్రాసులోని మేనమామకు తంతి కొట్టాను.

అడ్డం నాయనే. బస్సు శనివారం ఎక్కాలి. శనివారం తూర్పుకు శూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. మద్రాసు మాకు తూర్పు.

"విమానమెక్కు, ఏనుగెక్కు, నాకేం. శనివారం మాత్రం గడప దాటేది లేదు," అన్నాడు.

"ఆదివారం బయలుదేరితే ఆ విమానం యాడుంటుంది నాయనా?"

"లేకుంటే పాయె."

నాకు ఒళ్లు మండింది. ఐదేళ్లుగా పిల్లలకు గోడమీది పటంలో ఢిల్లీని బెత్తంతో చూపిస్తున్నాను. ఈసారి పోయి తీరాలి. ఆయన శాస్త్రంతో వాదించి గెలవలేను, అందుకని ఆ శాస్త్రంలోనే దారి వెతికాను. మంచిరోజున ఒక చీర, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము మూటగట్టి, వెళ్లే దిక్కున ఎవరింట్లోనైనా ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. దాన్నే ప్రస్థానం అంటారు. ఆ మూటను తిరిగి ఇంటికి తేకూడదు. సాయంత్రం తూర్పు వీధిలో, మా బడి క్రైస్తవ టీచరమ్మ ఇంట్లో మూట పెట్టి వచ్చి నాయన ముందు నిలబడ్డాను.

"ప్రస్థానం పెట్టినాను. నేను బయలుదేరి గంటయింది. వెనక్కి తెమ్మంటే తెస్తా, నువ్వే సెప్పు."

నాయన మీసం దువ్వుకున్నాడు. "వాళ్లిండ్లలో ఇట్లాంటివి సెల్లుతాయా?" అన్నాడు.

"ఇల్లు తూర్పున ఉండాది కదా, సాలదా?" అంది అమ్మ వంటింట్లోంచి.

మర్నాడు నా ట్రంకుపెట్టె ఆయనే మోసి, నాతోబాటు మద్రాసు బస్సెక్కాడు. బొగ్గుతో నడిచే ఆ బస్సు నూరు మైళ్లకు పగలంతా తీసుకుంది. ఆదివారం పొద్దున నన్ను విమానం ఎక్కించి, ఆయన తిరుగు బస్సు పట్టుకున్నాడు. నేను వెయ్యి మైళ్లు దాటి పొద్దుగూకకముందే ఢిల్లీలో దిగాను. సోమవారం పదికి పది నిమిషాలుండగానే సంతకం పెట్టాను.

పదిరోజులకు నాయన ఉత్తరం వచ్చింది. బస్సు రాణిపేట దగ్గర చెడిపోయిందట. రోడ్డు పక్కనే పడుకుని, సోమవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాడట. "మన ఇద్దరిలో దూరం పోయినోణ్ణి నేనే పాపా. ఆదివారం పడమటికి శూల. నిన్ను ఎక్కించినాక ఆ సంగతే మరిచిపోయినా" అని రాశాడు.

నాకు తెలిసి ఆయన ఏనాడూ శూల మరిచిపోలేదు. శనివారం కూడా, తనకంటూ ఏ మూటా పెట్టుకోకుండానే నాకోసం తూర్పుకు బయలుదేరాడు. హాస్టలు మెట్లమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. అయినా ఏడాది నిండి శిక్షణ ముగిసేదాకా ఇంటికి పోలేదు.