తల తెరిచాక తాత అలిగాడు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నోరు మూసుకుని పని చేసుకుపోయేదే మంచి నర్సు అని నా గట్టి నమ్మకం. రోజూ నార్కట్‌పల్లిలో బస్సు మారి దవాఖానకు పోయేటప్పుడు కూడా ఎవరితోనూ పలికేదాన్ని కాదు. అలాంటి నన్ను పట్టుకొచ్చి, మెదడు ఆపరేషన్ థియేటర్‌లో మాట్లాడే పనికి కూర్చోబెట్టారు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు, మెదడులో సరిగ్గా మాటలు పుట్టే చోటు పక్కనే గడ్డ. ఇలాంటి వాళ్లను పుర్రె తెరిచాక మెలకువలోకి తెస్తారు. సర్జన్ సన్నని కరెంటు కడ్డీతో మెదడు మీద అక్కడక్కడ తాకిస్తుంటే పేషెంటు మాట్లాడుతూ ఉండాలి. ఎక్కడ తాకితే మాట ఆగుతుందో అక్కడ చిన్న కాగితం ముక్క పెట్టి, ఆ చోటు ముట్టుకోరు. (మెదడుకు నొప్పి తెలియదట. చెమటలు పట్టింది నాకే.)

నేను బొమ్మలు చూపిస్తున్నాను. “ఆవు. ఒట్టిపోయినట్టున్నది, అమ్మేయమను” అన్నాడు. సైకిల్ చూపిస్తే చెయిన్ వదులైందన్నాడు. కాసేపటికి విసుగొచ్చి, “నన్నే అడుగుతున్నవు గని, నువ్వెవరి బిడ్డవు?” అన్నాడు. మాది హాలియా అని, బాపు పేరు, నాయనమ్మ పేరు చెప్పాను. “ఓరి! మీ నాయినమ్మ మా చిన్నాయిన బిడ్డనే. నీకు నేను తాతనైత. లగ్గమైందా?”

“అయింది తాతా, మొన్న ఎండకాలంల.”

అంతే, మాట ఆగిపోయింది. సర్జన్ కాగితం ముక్క పెట్టి కడ్డీ తీశారు. మాట తిరిగి రావాలి, రాలేదు. మెదడు సద్దుమణగాలని దాని మీద చల్లటి సెలైన్ పోశారు. అయినా ఉలుకూ పలుకూ లేదు. “మాట రాకపోతే గడ్డ తీయలేం. వదిలేసి మూసేయాల్సిందే” అన్నారు సర్జన్. నేను వంగి ఆయన మొహం చూశాను. తలను క్లాంపులో బిగించారు కాబట్టి మొహం తిప్పుకోలేక, కళ్లు గోడ వైపు తిప్పుకుని, కింది పెదవి ముందుకు పెట్టాడు. మా చుట్టాల పెళ్లిళ్లలో ఈ పెదవిని చాలాసార్లు చూశాను.

“సార్, మాట పోలే. తాత అలిగిండు!”

నేను ఏడుపు గొంతుతో బతిమాలాను. “తప్పయింది తాతా. రేపు నాకు బిడ్డ పుడితే మొదటి పిలుపు నీకే. జర మాట్లాడు.”

“పత్రిక లేదు, ఫోన్ లేదు! మేమేమన్న పగోళ్లమా? మీ నాయిన పెండ్లికి పందిరి గుంజలు నాటింది నేను!”

“ఆపకు పెద్దాయనా, ఇంకా తిట్టు” అని సర్జన్ మళ్లీ పనిలో పడ్డారు. మా వంశం మొత్తానికి తిట్లు పడేలోపు గడ్డ బయటికొచ్చింది.

అన్నట్టుగానే మా పాప పుట్టువెంట్రుకల ఫంక్షన్‌కు మొదట ఆయన్నే పిలిచాను. వచ్చి ముందు వరసలో కూర్చుని, కూరలో ఉప్పు దగ్గర నుంచి టెంటు రంగు దాకా అన్నిటికీ వంక పెట్టాడు. బాపు నా చెవిలో, “గా డాక్టరు జర ఎక్కువనే కాపాడిండు బిడ్డా” అన్నాడు. నేను మాత్రం మాస్కు చాటున ఏడ్చి బతిమాలిన ఆ కొత్త నర్సును తలుచుకుని నవ్వుకుంటూ, తాత తిట్లు ఒక్క మాట కూడా పోకుండా విన్నాను.