బిల్డరు కోసం వేసిన విస్తరి

మేం అద్దెకున్నప్పటి పక్కింటి అన్నయ్యగారు మొన్న ఆదివారం పోయారు. ఆ కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. మా తగవు తెగనేలేదే అనిపించింది. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

ఆయన గుంటూరులో ఇళ్లు కట్టి అమ్మినవారు. ఇక్కడ కేంబ్రిడ్జ్‌లో కొడుకు దగ్గరున్నా, ఎవరింటికెళ్లినా వేలి కణుపుతో ఇక్కడి చెక్క గోడను కొట్టి చూసిగానీ కూర్చునేవారు కాదు. "అట్టపెట్టెలే చెల్లెమ్మా!" అని నవ్వేవారు.

వీధి చివర మా అమ్మాయి బుక్ చేసుకున్న ఇల్లు సగంలో ఉండగా బిల్డరు కబురు పెట్టాడు. ఖర్చులు పెరిగాయట. ఇంకా డబ్బు కట్టండి, లేదా మీ అడ్వాన్సు వెనక్కి తీసుకుని వెళ్లండి అన్నాడు. ఆ ఇంటి కోసం రెండు ఉద్యోగాలు చేసిన పిల్ల కుప్పకూలిపోయింది.

"కర్ర ధర, బ్యాంకు వడ్డీ, సిటీ ఫీజులు... వాడికీ గిట్టాలి కదమ్మా" అన్నారు అన్నయ్యగారు.

"పెరిగితే మా నెత్తిన వేస్తాడు. తగ్గితే తిరిగిస్తాడా? మీరూ ఆ తానులో ముక్కే!"

"లాభం వద్దనే బిల్డరుంటే ముందు వాణ్ణే అనుమానించు."

"అయితే ఎంత తింటే న్యాయం?"

"గృహప్రవేశానికి పిలిస్తే వచ్చి, ఆ ఇంట్లో విస్తరి ముందు తలెత్తుకుని కూర్చోగలిగినంత."

ఆ మాట పట్టుకున్నాను. ఎలాగో అడిగింది కట్టాం, ఇల్లు చేతికొచ్చింది. ఇల్లు కట్టినవాడికి బట్టలు పెట్టడం మా ఆనవాయితీ. కొని తెప్పించాను.

"అమ్మా, ఇక్కడ బిల్డర్ని ఎవరూ పిలవరే. నవ్వుతారు."

"నవ్వుకుంటూనే రమ్మను."

ఫోన్ చేస్తే బిల్డరు ఆఫీసులో పిల్ల కంగ్రాట్స్ చెప్పి, ఏ ఇల్లండీ అని అడిగింది.

పాలు పొంగాయి, పూజ అయింది. బిల్డరు కోసం ఒక విస్తరి ఖాళీగా ఉంచాను. అన్నయ్యగారు కిటికీ దగ్గర నిలబడి వచ్చే ప్రతి కారునూ చూశారు. పప్పు చల్లారింది.

"పోనీ, మీరు తీసుకోండి" అని బట్టలు ఇవ్వబోయాను. చేతులు వెనక్కి లాక్కున్నారు.

"నేను కట్టిన ఇల్లు కాదమ్మా."

"మీరు కట్టిన ఇళ్లన్నిటిలో భోంచేశారా?" నా అనుమానం నాది.

"ఒకింటికి పిలిచారు. వెళ్లలేకపోయాను" అన్నారు. ఆ విస్తరి వైపు చూడలేదు.

బిల్డర్లను నేను ఇప్పటికీ నమ్మను. ఆ ఒక్కమాటకు మాత్రం ఆయన్ని నమ్మాను. కుంకుమ బొట్టు పెట్టిన ఆ బట్టలు కిటికీ పక్క బల్లమీదే ఉన్నాయి. వీధిలోకి కారు మళ్లితే ఇప్పుడు నేనే లేచి చూస్తున్నాను.