పైన్‌ఫోర్డ్‌కి రాని ఖైదీలు

పైన్‌ఫోర్డ్ ఊరు తనదేనని డాక్టర్ గౌరీశంకర్‌కి గట్టి నమ్మకం. మిషిగన్ రాష్ట్రంలో ఉత్తరానికి పోగా పోగా, ఇక ముందు ఊళ్ళేవీ ఉండవేమోనని మనిషి ఆశ వదులుకునే చోట పైన్‌ఫోర్డ్ వస్తుంది. రెండు చర్చిలు, ఒక గ్యాస్ స్టేషన్, ఒక హార్డ్‌వేర్ షాపు, గౌరీశంకర్ క్లినిక్, ఊరి చివర ముళ్ళకంచెల మధ్య రాష్ట్ర ప్రభుత్వం వారి జైలు. ఊరంటే అంతే. అక్కడ పుట్టిన డాక్టర్లు కూడా అక్కడ ఉండమని మొరాయించబట్టే ఎనభై రెండులో ఈయనకి ఉద్యోగం దొరికింది. "వీసా కాగితాలు తేలేదాకా రెండు మూడేళ్ళు ఓపిక పట్టు, తర్వాత డెట్రాయిట్ వైపు వెళ్ళిపోదాం" అని భార్య దమయంతికి మాటిచ్చి తీసుకొచ్చాడు. మూడేళ్ళయ్యేసరికి ఊరు తనని ప్రేమిస్తోందని కనిపెట్టాడు. ఇక కదిలితే ఒట్టు.

ఊరి ప్రేమకి ఆయన దగ్గర రుజువులకేం కొదవ లేదు. గౌరీశంకర్ అన్న పేరు నోరు తిరక్క అందరూ 'డాక్' అని పిలుస్తారు. అది చనువని ఆయన లెక్క. నవంబరు వచ్చిందంటే వేటకెళ్ళిన పేషెంట్లు జింక మాంసం పొట్లాలు కట్టి తెచ్చి ఇస్తారు. తాను శాకాహారినని ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు, చెబితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందట. ఫ్రీజర్‌లో కూరగాయలకి చోటు లేక దమయంతి తిట్టుకుంటూ ఆ పొట్లాలన్నీ పక్కింటి కుక్కలకి చేరవేసేది. ఆ కుక్కలు మాత్రం వీళ్ళని నిజంగానే ప్రేమించేవి.

రెండు వేల ఒకటి సెప్టెంబరులో న్యూయార్క్ గోపురాలు కూలిన వారం, ఊరంతటిలోకీ పెద్ద జెండా గౌరీశంకర్ ఇంటి మీదే ఎగిరింది. క్లినిక్‌కి ఒకటి, రెండు కార్లకీ రెండు. కాలేజీ రోజులనాటి మీసం కూడా తీసేశాడు. హార్డ్‌వేర్ షాపు డేల్ స్వయంగా ఇంటికొచ్చి, "డాక్, ఈ ఊళ్ళో మీ మీద ఎవడూ చెయ్యి వెయ్యడు, నాదీ హామీ" అని భుజం తట్టి వెళ్ళాడు. గౌరీశంకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశావా?" అన్నాడు దమయంతితో.

"చూశాను. మీ మీద చెయ్యి వేస్తారన్న సంగతి ఆయనకెందుకు తట్టిందో అదే అర్థం కావట్లేదు" అంది దమయంతి.

ఆవిడెప్పుడూ అంతే. క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన వాళ్ళ పేర్లు రాసుకుంటూ, నవ్వాల్సిన చోట నవ్వుతూ ఊరిని పాతికేళ్ళకి పైగా చూసింది. చూసి ట్రాయ్ వెళ్ళిపోదామంటుంది. డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో స్నేహితులున్నారు, గుడి ఉంది, తెలుగులో పోట్లాడుకోవడానికి మనుషులున్నారు. రెండు వేల తొమ్మిది వచ్చేసరికి గౌరీశంకర్‌కి రిటైరయ్యే వయసొచ్చింది. ఇక వాయిదాకి వీల్లేదు. "ఇది మన ఊరు దమయంతీ. ఇక్కడివాళ్ళు నన్ను తమలో ఒకణ్ణి అనుకుంటారు. అక్కడికెళితే నేనెవర్ని?" అని ఆయన. "అనుకుంటారో లేదో ఒక్కసారి అడిగి చూడండి" అని ఆవిడ. ఎవరినని అడుగుతాడు? ఆ ప్రశ్నకి జవాబు కావాలని లోపల ఆయనకీ ఉంది.

ఆ వేసవిలోనే రాష్ట్ర ప్రభుత్వం డబ్బుల్లేవంటూ జైలు మూసేస్తామంది. ఊరి గుండె జారిపోయింది. సగం ఇళ్ళకి జీతం వచ్చేది అక్కణ్ణుంచే. ఇంతలో వాషింగ్టన్ నుంచి ఇంకో కబురు. క్యూబాలోని గ్వాంటానమో సైనిక స్థావరంలో ఉంచిన టెర్రరిస్టు ఖైదీలని దేశంలోకి తెచ్చి పెట్టడానికి జైలు వెతుకుతున్నారట, ఆ వెతుకులాటలో పైన్‌ఫోర్డ్ పేరూ ఉందట. వారం తిరక్కుండా టీవీ వ్యాన్లు దిగాయి. ఊరు రెండుగా చీలింది.

వద్దనే వాళ్ళకి భయం. ఆ ఖైదీలు గోడలు దూకి మెయిన్ స్ట్రీట్‌లోకి వచ్చేస్తారని ఒకడు, వాళ్ళు జైల్లో ఉన్నా ఊరికి పీడేనని ఇంకొకడు. అవే గోడల వెనక కన్నతల్లిని చంపినవాడూ, పసిపిల్లల్ని కాల్చినవాడూ ఏళ్ళ తరబడి ఉంటున్నారు. వారానికి రెండు రోజులు గౌరీశంకర్ వెళ్ళి వాళ్ళ బీపీలూ షుగర్లూ చూసి వస్తాడు. వాళ్ళ గురించి ఊళ్ళో ఏనాడూ ఎవరికీ నిద్ర చెడలేదు. వాళ్ళు స్వదేశీ హంతకులు. కావాలనే వాళ్ళకి మాత్రం భయమూ లేదు, బాధా లేదు, వాళ్ళకి ఉద్యోగాలు కావాలి. టెర్రరిస్టులైతే మరీ మంచిది, ఎక్కువ మంది గార్డుల్ని పెట్టుకుంటారని వాళ్ళ ఆశ.

ఆ ఆదివారం ట్రాయ్‌లో మల్లికార్జునరావు ఇంట్లో భోజనాలు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పులిహోర వడ్డించుకుంటూ గౌరీశంకర్‌ని పక్కకి లాక్కెళ్ళాడు.

"డాక్టర్ గారూ, మీరు ఆ మీటింగ్‌కెళ్ళి గట్టిగా అపోజ్ చెయ్యాలండీ. వాళ్ళని పెడితే వాళ్ళ చుట్టాలూ స్నేహితులూ చూడ్డానికొస్తారు. వాళ్ళెలా ఉంటారు? మనలాగే ఉంటారు. అప్పుడు హైవే మీద పోలీసులు ఎవర్ని ఆపుతారు? నన్నే కదా!"

"ఇళ్ళ రేట్లు కూడా పడిపోతాయి అన్నయ్యగారూ" అంది మల్లికార్జునరావు భార్య నళిని. తమ వీధిలో అమ్మకానికొచ్చిన ఇల్లొకటి దమయంతికి చెప్పి పెట్టింది కూడా ఆవిడే.

ట్రాయ్‌కి పైన్‌ఫోర్డ్ మూడు గంటల ప్రయాణం. ఇళ్ళ రేట్లంటారా, ఏ ఖైదీ సాయమూ లేకుండా బ్యాంకులే కిందటేడు నేలకి దించేశాయి. అయినా అందరూ తలలూపారు. గౌరీశంకర్ వాళ్ళ భయం చూసి లోపల నవ్వుకున్నాడు. పాపం, వీళ్ళకి ఊరంటూ లేదు కదా అని జాలిపడ్డాడు కూడా.

సోమవారం డేల్ క్లినిక్‌కొచ్చాడు. ఊరి కౌన్సిల్‌కి పెద్ద ఇప్పుడు ఆయనే, ఖైదీలు రావాలనే వాళ్ళకి నాయకుడూ ఆయనే. "డాక్, శుక్రవారం హైస్కూల్ జిమ్‌లో మీటింగ్. మీరు మా వైపు మాట్లాడాలి. మీ మాటైతే ఊరు వింటుంది" అన్నాడు.

మీ మాటైతే ఊరు వింటుంది! గౌరీశంకర్ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఇంతకన్నా జవాబు ఏం కావాలి? నాలుగు రోజులు ఉపన్యాసం రాసుకున్నాడు. కొత్త టై కొన్నాడు. జైలంటే లోపలి మనుషుల్ని చూసి భయపడేది కాదనీ, రోగం ఎవడికొచ్చినా రోగమేననీ, ఊళ్ళో ఒకడిగా తాను చెబుతున్నాననీ. ఆ 'ఊళ్ళో ఒకడిగా' అన్న చోట గొంతు ఎలా తగ్గించాలో అద్దం ముందు చూసుకున్నాడు.

శుక్రవారం జిమ్ కిక్కిరిసింది. బాస్కెట్‌బాల్ రింగు కింద మైకు. గౌరీశంకర్ ముందు వరసలో, పక్కన పట్టుచీరలో దమయంతి. ఇంత జరుగుతుంటే ప్యాంటేసుకుని రానంది ఆవిడ. అరుపులూ కేకలూ అయ్యాక డేల్ మైకు అందుకున్నాడు.

"మిత్రులారా, మీ భయం నాకు తెలుసు. కానీ ఒక్కసారి మన డాక్‌ని చూడండి. ఎనభై రెండులో ఎక్కడో భూమికి అటువైపు నుంచి వచ్చాడు. నిజం ఒప్పుకుందాం, అప్పుడూ భయపడ్డాం. ఆ పేరేంటో, ఆ దేవుడేంటో, ఆ తిండి వాసనేంటో! ఏమైంది? ఇరవయ్యేడేళ్ళు. ఒక్క గొడవ లేదు. డాక్‌తో నెట్టుకొచ్చిన వాళ్ళం, ఇంకో రెండొందల మందితో నెట్టుకురాలేమా?"

జిమ్ చప్పట్లతో మోగిపోయింది. జనం లేచి నిలబడి కొట్టారు. వద్దనే వాళ్ళలోంచి ఒకడు లేచి, "డాక్ సంగతి వేరు, డాక్ మంచివాడు, వాళ్ళందరూ డాక్‌లా ఉండరు" అన్నాడు. దానికీ చప్పట్లు. నెలరోజులుగా కొట్టుకు చస్తున్న రెండు పక్షాలూ మొట్టమొదటిసారి ఒక్క విషయం మీద ఏకాభిప్రాయానికొచ్చాయి. ఎవరి మొహంలోనూ రవ్వంత ద్వేషం లేదు. అందరూ ప్రేమగా నవ్వుతున్నారు. ద్వేషమే ఉండి ఉంటే ఆయనకి అంత నొప్పి పుట్టేది కాదు.

గౌరీశంకర్ మైకు దగ్గరికి నడిచాడు. జేబులో ఉపన్యాసం ఉంది. "థాంక్యూ" అన్నాడు. వెనక్కొచ్చి కూర్చున్నాడు. పైన్‌ఫోర్డ్ మళ్ళీ చప్పట్లు కొట్టింది.

కార్లో తిరిగొస్తూ, ఇల్లు దగ్గర పడుతుండగా ఆయన అన్నాడు:

"నళినిగారు చెప్పిన ఆ ట్రాయ్ ఇల్లు ఇంకా ఉందేమో కనుక్కో."

ఇన్నేళ్ళుగా ఆ మాట కోసమే దమయంతి కాచుక్కూర్చుంది. తీరా వచ్చాక ఒళ్ళు మండింది.

"వద్దు" అంది.

"అదేమిటి? రోజూ పోదామనే కదా ప్రాణాలు తోడేశావు!"

"పోదామన్నాను. నాకిష్టమై పోదామన్నాను. ఇప్పుడు పోతే తలొంచుకుని పోవాలి. నేను పోను. రెండొందల మంది టెర్రరిస్టులతో నెట్టుకొస్తానంది కదా మీ ఊరు, ఆ లెక్కన నన్నొక్కదాన్ని కూడా నెట్టుకురమ్మనండి."

గౌరీశంకర్ కారు పక్కకి ఆపాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దమయంతి ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

టెర్రరిస్టులు రాలేదు. రాజకీయాలు ఎటు తిరిగాయో, పైన్‌ఫోర్డ్ మాట అందరూ మర్చిపోయారు. శరదృతువులో జైలు మూసేశారు. లోపలున్న హంతకుల్ని బస్సులెక్కించి వేరే ఊళ్ళకి పంపేశారు. ఆ ఊళ్ళలో ఎవరూ మీటింగులు పెట్టలేదు. టెర్రరిస్టుల బారి నుంచి బయటపడ్డ పైన్‌ఫోర్డ్ ఆనందం పట్టలేక ఖాళీ అవడం మొదలుపెట్టింది. గార్డులు పోయారు, గార్డుల పిల్లలు పోయారు, ఒక చర్చి పోయింది. క్లినిక్ మాత్రం తెరిచే ఉంది.

మరుసటి ఏడాది డేల్ షాపు మూసేశాడు. టెక్సాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. సామాన్ల ట్రక్కు బయట పెట్టి, చివరిసారి బీపీ చూపించుకుందామని క్లినిక్‌కొచ్చాడు. చూపించుకున్నాక చొక్కా చెయ్యి కిందకి లాక్కుంటూ, "డాక్, అందరం వెళ్ళిపోయాం. ఇక ఈ ఊరు మీదే" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు పాపం.

జీవితమంతా ఏ మాట వినాలని గౌరీశంకర్ ఎదురుచూశాడో ఆ మాట అదే. అది వచ్చింది, సామాను సర్దుకున్న మనిషి నోటి నుంచి.

ముందు బల్ల దగ్గర్నుంచి దమయంతి లేచి వచ్చింది. డేల్ చెయ్యి అందుకుని, ఆ ఊళ్ళో నేర్చిన ఇంగ్లీషులో, ఎంతో ఆప్యాయంగా అంది:

"నువ్వేం బెంగపెట్టుకోకు డేల్. మొదట్లో మేమూ భయపడ్డాం. కానీ ఇన్నేళ్ళలో మీ వాళ్ళతో మాకు ఒక్క గొడవ రాలేదు."

డేల్ కళ్ళు చెమర్చాయి. ఆమె రెండు చేతులూ పట్టుకుని, "థాంక్యూ" అన్నాడు.