ఏలియా పెళ్లికోటు

గోదావరిఖనిలోని ఒక బొగ్గుగనిలో, ల్యాంప్ రూం కిటికీ దగ్గర పదకొండేళ్లు నిలబడ్డాక సుసన్నాకు మనుషుల పేర్ల కన్నా వాళ్ల నంబర్లే ముందు గుర్తొచ్చేవి. గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్లను ఆమె చేతికిచ్చి, అదే నంబరున్న ల్యాంపు తీసుకుని టోపీకి తగిలించుకుంటాడు. షిఫ్టు దిగాక ల్యాంపు ఇచ్చేసి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల ఇంకా మేకుకు వేలాడుతూ ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. అప్పుడు షిఫ్టు అయిపోయిందని పుస్తకంలో రాయడానికి వీల్లేదు. ఎంత పెద్ద సాబు వచ్చి తొందరపెట్టినా సుసన్నా కలం ముట్టేది కాదు. ఆ విషయంలో ఆమెను కదిలించే బదులు గోడకు తల కొట్టుకోవడం నయమని సూపర్‌వైజర్లే చెప్పుకునేవారు.

ఆ కొలువు ఆమెకు భర్త చనిపోయాక వచ్చింది. ఏలియా గనిలో బొగ్గు నింపిన టబ్బులు తోసే పని చేసేవాడు. ఇద్దరి తాతలూ ఇల్లెందు బొగ్గుబాయిలో తట్టలు మోసినవాళ్లే. అక్కడి నుంచి బెల్లంపల్లికి, బెల్లంపల్లి నుంచి ఇక్కడికి, బొగ్గు ఎటు తీసుకుపోతే అటు వచ్చిన కుటుంబాలు. ఏలియాకు ఒకే ఒక డాబు ఉండేది, అది అతని పెళ్లికోటు. బెల్లంపల్లిలో కుట్టించిన ముదురునీలం కోటు. ప్రతి క్రిస్మస్‌కూ అది తొడుక్కుని గుడికి బయలుదేరితే, కలెక్టరుగారు వస్తున్నారు జరగండ్రా అని వాడకట్టు మొత్తం ఆటపట్టించేది. అతను నిజంగా కలెక్టరే అయినట్టు చెయ్యి ఊపుతూ పోయేవాడు. వాళ్లలో మనిషి పోతే పెళ్లికోటు తొడిగి పెట్టెలో పడుకోబెట్టడం ఆనవాయితీ. కానీ మూడు నెలలు దవాఖానలో ఉండి ఉబ్బిపోయిన ఒంటికి కోటు పట్టలేదు. తెల్లపంచెతోనే సాగనంపారు. సుసన్నా కోటును మడతపెట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది. పాతిపెట్టాల్సిన వస్తువు ఇంట్లో మిగిలిపోతే అదెంత బరువో ఆమెకే తెలుసు.

రెండువేల మూడు మార్చిలో ఇరాక్ మీద బాంబులు పడటం మొదలైంది. టీవీలో పొద్దస్తమానం అదే. సుసన్నా క్వార్టరుకూ పక్క క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు అవతల మౌలాబీ ఉండేది. జాకెట్లు కుట్టేది. ఆమె తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. యుద్ధం మొదలైన రోజు నుంచి ఫోను కలవడం లేదు. మౌలాబీ మిషను ముందు కూర్చునేది గానీ తొక్కేది కాదు. సుసన్నా అన్నం తీసుకెళ్లి తినిపించి వచ్చేది.

ఈ ఇద్దరికీ ఊరు చేసిన మర్యాద చూడాలి. బాంబులేసేది మీవాళ్లేనటగదా అని ల్యాంపు తీసుకుంటూ ఒకడు సుసన్నాతో నవ్వుతూ అన్నాడు. మర్నాడు ఇంకొకడు అన్నాడు, వాడు నవ్వలేదు. మౌలాబీని కూరగాయల అంగట్లో సద్దాం చుట్టమన్నారు. హైదరాబాదు కూడా చూడని ఇద్దరు ఆడవాళ్లకు రెండు దేశాలు రాసిచ్చేశారు. ఇద్దరూ మాత్రం కిరోసిన్ కోసం రేషను దుకాణం ముందు ఒకే వరుసలో నిలబడేవారు.

మరుసటి వారం కార్మిక సంఘాలన్నీ కలిసి యుద్ధ వ్యతిరేక కమిటీ వేశాయి. ఆదివారం సాయంత్రం ప్రధాన చౌరస్తా దాకా ఊరేగింపు, అక్కడ సభ, చివర అమెరికా అధ్యక్షుడి దిష్టిబొమ్మ దహనం. కమిటీ పెద్ద సదానందం. గనుల్లో ఎన్ని సమ్మెలు చేశాడో లెక్కలేని మనిషి, మంచివాడే. పిలవని పేరంటానికి వెళ్లినట్టు సుసన్నా ఆ కమిటీ కూర్చున్న చోటికి వెళ్లింది. తన చర్చి ఆడవాళ్లు కూడా నడుస్తారనీ, చర్చి స్త్రీల సమాజం అని గుడ్డ మీద రాసుకుని, తమ పేరు మీదే నడుస్తారనీ చెప్పింది. పేరు అవసరమా అక్కా, అందరం ఒకటే గదా అన్నాడు సదానందం. ఆమె వినలేదు.

"పేరు లేకుంట నడిస్తే మేము అటు దిక్కు ఉన్నమనే అంటరు సదానందమన్నా. మేము ఇటు దిక్కున్నమని నలుగురు సూడాలె."

సదానందం ఒప్పుకున్నాడు. ముస్లింల సంగతి వచ్చేసరికి మాత్రం, వాళ్లు వెనక వరుసల్లో నడిస్తే బాగుంటుందన్నాడు. ముందుంటే ఇది వాళ్ల ఊరేగింపే అని పేపర్లో రాస్తారట. మౌలాబీ భర్త కూడా అక్కడే ఉన్నాడు. సరే అన్నా అని తల ఊపాడు. ఆ ఊపడం సుసన్నాకు నచ్చలేదు గానీ, తనకు చోటు దొరికిన సంబరంలో ఊరుకుంది. ఆ ఊరుకోవడం తర్వాత ఆమెను చాలా రోజులు పీకింది.

లేవబోతుంటే సదానందమే ఆపి, దిష్టిబొమ్మకు కోటు కావాలి, మీ ఇండ్లల్లోనే ఉంటాయి గదా అక్కా అని అడిగాడు. అమెరికా అధ్యక్షుడికి కోటు లేకపోతే ఎవరు గుర్తుపడతారు? నిజమే, ఆ కాలనీల్లో గని మనుషులకు కోట్లెక్కడివి, క్రైస్తవుల పెళ్లిళ్లలో తప్ప. సుసన్నా ఇంటికి వెళ్లి చాలాసేపు ట్రంకుపెట్టె ముందు కూర్చుంది. కూతురు గ్లోరియా జ్యోతినగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. నాన్న కోటు నడిబజార్లో కాలబెట్టిస్తావా అని ఏడ్చింది. కమిటీకి ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఇస్తున్నారు, మన దగ్గర వాళ్లకు పనికొచ్చేది ఇదొక్కటే అంది సుసన్నా. మనమూ ఒక చెయ్యి వేశామని ఊరికి తెలియాలి. అదే ఆమె ఆశ, అంతకు మించి ఏమీ లేదు.

కోటు ఇవ్వడం కన్నా ఆడవాళ్లను ఒప్పించడం కష్టమైంది. ఇది రాజకీయం, ఉన్నచోట గుట్టుగా ఉందామని చర్చి అయ్యగారు అన్నారు. ఆయనను తప్పుపట్టడానికీ లేదు. నిరుడంతా పేపర్లో వచ్చిన మతదాడుల వార్తలు చదివితే ఎవరికైనా గుట్టుగా ఉండాలనే అనిపిస్తుంది. సుసన్నా ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ ఒక్క మాట అనరు, నాది పూచీ అని చెప్పింది. పాతికమందిలో ఏడుగురు సరేనన్నారు. ఆ ఏడుగురూ ఆరాధనకు కట్టిన తెల్లచీరల్లోనే, నీలిరంగు అక్షరాలు రాసిన గుడ్డ పట్టుకుని, ఆదివారం నాలుగింటికి ఆమె వెంట వచ్చారు. రామగుండం ఎండ మార్చిలోనే మాడ్చేస్తోంది. అయినా ఏడుగురూ వచ్చారు.

ఊరేగింపు అప్పటికే బారులు తీరి ఉంది. ముందు ఎర్రజెండాలు, వాటి వెనక నలుగురి భుజాల మీద దిష్టిబొమ్మ. ఏలియా కోటు దానికి ఎంత కుదిరిందంటే, ఒక్క క్షణం సుసన్నాకు క్రిస్మస్ పొద్దున గుడికి బయలుదేరిన ఏలియానే కనిపించాడు. ఆ తర్వాత దాని మెడలో వేలాడుతున్నది కనిపించింది. గనిలో పైకప్పుకు ఆనించే కర్రముక్కలు రెండు అడ్డంగా నిలువుగా పెట్టి, మందుగుండు పేల్చే వైరుతో కట్టిన సిలువ. మూరెడు ఉంటుంది.

ఏడుగురు ఆడవాళ్లూ దాన్ని చూశారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. అందరిలో పెద్దదైన రాహేలమ్మ గుడ్డను చుట్టచుట్టి సుసన్నా చేతిలో పెట్టి, నువ్వు పూచీ అన్నవు గదా బిడ్డా అని మాత్రం అంది. ఏడు తెల్లచీరలూ వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. ఆమె ఆపలేదు. ఏం చెప్పి ఆపుతుంది?

డప్పు మోగింది. బొమ్మ కదిలింది. మోసే నలుగురిలో ముందువాడు ముత్యం. కమాన్‌పూర్ నుంచి సైకిలు మీద డ్యూటీకి వచ్చే మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. సుసన్నా నడిరోడ్డు మీదికి వచ్చి, గని ముందు షిఫ్టు గోలలో అరిచే గొంతుతో పిలిచింది.

"నాలుగొందల పన్నెండు."

ముత్యం ఠక్కున ఆగిపోయాడు. ఆ గొంతుకు ఆ నంబరుకు ఆగడం అతనికి తొమ్మిదేళ్ల అలవాటు. అతను ఆగితే బొమ్మ ఆగింది, బొమ్మ ఆగితే వెనక ఊరేగింపంతా ఆగింది. సిలువ ఎవరు వేశారని అడిగింది. ముత్యం బొంకలేదు. ఆ అధ్యక్షుడు దేవునికి మొక్కి యుద్ధం మొదలుపెట్టాడని టీవీలో చెప్పారనీ, అందుకే కట్టాననీ, ఆమెను ఏమన్నట్టు కాదనీ చెప్పాడు. అతని మొహం చూస్తే అది నిజమేనని తెలుస్తోంది. ఆమెను నొప్పించాలని అతను అనుకోలేదు. ఆమె అక్కడ ఉంటుందనే సంగతి అతనికి తట్టలేదు, అంతే. సుసన్నాకు ఏడుపు తెప్పించింది అదే.

సదానందం పరుగున వచ్చాడు. పోలీసులు గంటే టైం ఇచ్చారు, ఇప్పుడు పంచాయతీ వద్దు, అది బొమ్మ మెడలో ఉంది గానీ నీ మెడలో లేదు కదా అక్కా అని బతిమాలాడు. సుసన్నా గొంతు పెంచలేదు.

"సిలువన్న తియ్యిండ్రి, కోటన్న తియ్యిండ్రి. రెండు ఒక్క మెడల ఉండొద్దు. అది నా పెనిమిటి కోటు."

కోటు తీసేద్దామని ఎవరో బొత్తాలు విప్పారు కూడా. లోపల గడ్డి కూరింది ముత్యం పాత డ్యూటీ బట్టల్లో. నీలం చొక్కా, మోకాళ్ల దగ్గర బొగ్గు ఇంకిన ప్యాంటు. కోటు లేకపోతే అది అచ్చం మొదటి షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికుడే. నాలుగు భుజాల మీద అలా పడుకుని ఉంటే, కింద బండ పడి చచ్చిపోయినవాణ్ని మోసుకొస్తున్నట్టే ఉంది. ముత్యం తనే బొత్తాలు మళ్లీ పెట్టాడు. వైరు విప్పి సిలువ తీసి రెండు చేతులతో ఆమెకు అందించాడు.

దాన్ని పట్టుకుని ముందు వరుసలో నడవకు అక్కా, ఫోటోలో పడితే ఇంకో అర్థం తీస్తారు అన్నాడు సదానందం. సుసన్నా ఊరేగింపు పక్కగా వెనక్కి, ఇంకా వెనక్కి నడిచింది. ఆఖరి వరుసల్లో మౌలాబీ ఉంది. చేతిలోది చూసింది. తన చేతిసంచి నోరు తెరిచి పట్టుకుని, ఇందుల పెట్టక్కా అంది. ఇద్దరూ వెనకబడిన వాళ్లతో చౌరస్తా దాకా నడిచారు. నినాదాలు ముందు నుంచి వచ్చేసరికి సగం వినబడటం లేదు.

సభలో సదానందం బాగా మాట్లాడాడు. చివర చెయ్యి చాపి, ఈ రోజు హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఒక్కటై కదిలారన్నాడు. క్రైస్తవ సమాజం తరఫున సుసన్నక్క రెండు మాటలు చెబుతుందని మైకులో పిలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. సుసన్నాకు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. తనవాళ్లతో కలిసి నడుద్దామని వస్తే, తనవాళ్లు వచ్చారనడానికి తనొక్కదాన్నే సాక్ష్యం చేస్తున్నారు. మైకు ముందు ఎన్నడూ నిలబడలేదు. ల్యాంప్ రూం కిటికీ ముందు నిలబడ్డట్టే నిలబడింది.

"అందరు ఒక్కటైన్రని అన్నకు సెప్పిందెవ్వరో నాకెర్క లేదు. నా ఎంట ఏడుగురు వచ్చిండ్రు, ఏడుగురు వాపసు పోయిండ్రు. ఎందుకు పోయిండ్రో ముందట నడిసినోళ్లకు ఎర్కే. మౌలాబీ వాళ్లు ఎనక నడిసిండ్రు. వాళ్లనెవ్వరు ఎనక పెట్టిండ్రో గూడ ఎర్కే, గప్పుడు నేను గూడ నోరు మూసుకున్న, నాది గూడ తప్పే. మీరు బాయిల దిగెటోళ్లు. ఏడు ల్యాంపులు వాపసు రాకుంటే షిఫ్టు అయిపోయిందని రాస్తమా? రాయం గదా. ఇయ్యాల గూడ రాయకుండ్రి."

దిగి వచ్చేసింది. ఈసారి చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. ఆ తర్వాత బొమ్మకు నిప్పంటించారు. కోటు మొదట పొగ పెట్టి, తర్వాత భగ్గున అంటుకుంది. సుసన్నా మొహం తిప్పుకోలేదు. పదకొండేళ్ల కింద చేయాల్సిన సాగనంపు ఇలా అయిందే అని కుమిలిపోయింది. మౌలాబీ ఆమె చెయ్యి వదలలేదు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. మైకు ముందు సుసన్నా నోరు తెరిచి ఉంది. అన్ని మతాలవారూ ఏకమయ్యారని కింద రాశారు. రేపే వచ్చి మీ ఆడవాళ్లతో మాట్లాడతానని సభ అయ్యాక చెప్పిన సదానందం పన్నెండు రోజులకు వచ్చాడు. అప్పటికి బాగ్దాద్ పడిపోయింది, కమిటీ కూడా కలవడం మానేసింది. రాహేలమ్మ అతనికి మంచినీళ్లిచ్చి పంపింది. చర్చిలో సుసన్నా కూర్చునే చాపకు ఇటూ అటూ కొన్ని వారాలు ఖాళీగానే ఉంది. మౌలాబీ తమ్ముడు మాత్రం ఫోను చేశాడు, బతికే ఉన్నాడు.

అయితే ఊరేగింపు మర్నాడే, సోమవారం మొదటి షిఫ్టుకు, ముత్యం అందరికన్నా ముందు కిటికీ దగ్గరికి వచ్చాడు. బిళ్ల ఇచ్చాడు. ఆమె మేకుకు తగిలించి ల్యాంపు ఇచ్చింది. అతను అక్కడే నిలబడ్డాడు. వెనకవాళ్లు జరగమన్నా జరగలేదు.

"అక్కా, ఆ ఏడుగురు వచ్చిండ్రా?"

"ఇంకా రాలె," అంది సుసన్నా.

ముత్యం ల్యాంపు టోపీకి తగిలించుకుని కిందికి దిగాడు. ఆ తర్వాత ఆమె రిటైరయ్యే దాకా, ప్రతి సోమవారం అదే మాట అడిగాడు.