కె. రావు అంటే ఎవరు?

ఒకసారి నా చేతుల్లో నలభై ముగ్గురు మనుషులు మాయమైపోయారు. కంగారు పడకండి, ఎవరికీ చీమ కుట్టినంత నొప్పి కూడా కలగలేదు. నాకు మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు.

అరవైల చివరి మాట. బందరులో పంటల గణాంకాల ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాని. బందరు, గుడివాడ, దివిసీమ కలిపి నాలాంటి టెంపరరీలు అరవై రెండు మంది. అందరి పేర్లూ అక్షర క్రమంలో శుక్రవారం లోపు హైదరాబాదు హెడ్డాఫీసుకు చేరాలి. జాబితాలో ఉన్నవాడు పర్మనెంటు, లేనివాడు ఇంటికి. హెడ్ క్లర్కు కామేశం గారు చేత్తో రాసిచ్చేస్తానన్నారు. నాకు నవ్వొచ్చింది. నేను మూడు వారాలు కంప్యూటరు ట్రైనింగు పొందినవాణ్ణి మరి! నా కాళ్లు భూమ్మీద ఆనడం మానేసి అప్పటికి నెలైంది.

పేర్ల కాగితం పట్టుకుని హైదరాబాదు వెళ్లాను. హెడ్డాఫీసు కంప్యూటరు గది నిండా ఉండేది. దానికి పని చెప్పాలంటే చిల్లులు పొడిచిన కార్డుల కట్ట అందించాలి. ఆ కట్టే ప్రోగ్రాము. ఆఫీసువాళ్ల సొంత ప్రోగ్రాము ఉంది, దాన్ని చూసుకునే ఇంజనీరూ ఉన్నాడు. ఆయన పదిరోజులు ఆగమన్నాడు. ఇంతలో నాతో ట్రైనింగు పొంది అక్కడే పనిచేస్తున్న మూర్తి పక్కకు పిలిచి ఒక కట్ట చేతిలో పెట్టాడు.

“ఫారిన్ నుంచి వచ్చిందిరా, ఊరికే ఇచ్చారు. పేర్లు సర్దుతుంది, రెండుసార్లు పడినవి తీసేస్తుంది. తేడా వస్తే మాత్రం నన్నడక్కు.”

‘ఊరికే’ దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. పది నిమిషాల్లో జాబితా వచ్చింది. స్టైలుగా కింద ‘కె. రావు’ అని సంతకం గీకి, చదవకుండానే అక్కడ ఇచ్చేసి, నకలుతో బందరు రైలెక్కాను.

కామేశం గారు నకలు రెండుసార్లు లెక్కపెట్టారు. “అరవై రెండు మందిని తీసుకెళ్లావు, పంతొమ్మిది మందిని తీసుకొచ్చావు. మిగతావాళ్లనేం చేశావు నాయనా?”

విషయం మెల్లగా తలకెక్కింది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. ప్రోగ్రాము రాసిన దొరగారికి చివరి మాటే ఇంటిపేరు, అంటే ఇంగ్లీషులో విడిగా రాసే ‘రావు’; మొదటి అక్షరమూ అదీ కలిస్తే ఒకే మనిషి. కె. కోటేశ్వరరావు అయినా, కె. వెంకటేశ్వరరావు అయినా ఆయన లెక్కలో ఒకే కె. రావు. కృష్ణా జిల్లాలో రావుల్ని అలా ఏరితే ఎవరు మిగులుతారండీ? నేనూ కె. శేషగిరిరావునే. నా ఉద్యోగాన్ని నేనే చెరిపేసుకున్నాను.

మూర్తికి ట్రంకు కాల్ చేశాను. అది రాసిందెవరో తనకూ తెలియదన్నాడు. అడగొద్దని ముందే చెప్పానుగా అన్నాడు.

అదే సమయానికి దివిసీమ నుంచి కోటేశ్వరరావు గారు దిగారు. తొమ్మిదేళ్లుగా బురదలో గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన మనిషి. చేతిలో చక్రకేళీ అరటిపళ్ల అత్తం.

“నా పేరుందా అండీ? మా ఆవిడ కనుక్కు రమ్మంది.”

“కె. రావు అని ఉందండీ,” అన్నాను.

ఆయన కళ్లు చెమర్చాయి. అత్తం నా బల్లమీద పెట్టి దణ్ణం పెట్టారు. అంత సిగ్గు నేను మళ్లీ ఎన్నడూ పడలేదు. ఆయన వెళ్లేదాకా తలెత్తలేదు.

కామేశం గారు కలం తీశారు. రెండు గంటల్లో అరవై రెండు పేర్లూ ముత్యాల్లా రాసి, హైదరాబాదు వెళ్తున్న ఇన్‌స్పెక్టరు గారి చేతికిచ్చారు. అవి వేళకి అందాయో లేదో తెలియక వారమంతా పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, వీధిలోకి పరుగెత్తేవాణ్ణి.

చివరికి కవరు వచ్చింది. అరవై రెండు మందీ పర్మనెంటు! దానితోపాటే ఒక మెమో: తప్పుడు జాబితా ఇచ్చినందుకు శ్రీ కె. రావు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మా ఆఫీసరు గారు నన్ను పిలిచారు. “ఈ కె. రావు ఎవరోయ్?”

ఆయన పేరు కె. రంగారావు. నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు.

“ప్రోగ్రాము లెక్కన మీరూ నేనూ ఒకటేనండి.”

ఆయన తెల్లకాగితం ముందుకు తోశారు. “అయితే మనిద్దరి సంజాయిషీ నువ్వే రాయి. చేత్తో రాయి. కింద పూర్తి పేరు పెట్టు.”

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. తేడా వస్తే ఎవర్ని అడగాలో తెలియని వస్తువు ఊరికే ఇచ్చినా ముట్టను. మీరెవరైనా కవరు మీద కె. రావు అని రాసి నాకు ఉత్తరం పంపితే చస్తే విప్పను. అది మా ఆఫీసరు గారిది కావచ్చు.